సున్నము చల్లవలసిన చోటు



అకాలవర్షము కురిసి వెలిసిన వారము రోజులకు, ఒకనాటి ఉదయము, కౌలు రైతు ఒకరు పామర్రులోని మా కార్యాలయానికి వచ్చారు. ఒక చేతిలో పసుపు మచ్చలు పడిన మినుము మొక్క, రెండవ చేతిలో సీసా నిండా వాననీరు. "అయ్యా, ఇది ఆమ్లవర్షం దెబ్బ అంటున్నారు. పులుపుకు విరుగుడు సున్నమేనట. ఎకరానికి రెండు బస్తాలు చల్లమంటున్నారు. అయిదెకరాలకు పది బస్తాలు. అప్పు తెచ్చి చల్లమంటారా?" అని అడిగారు.

మొక్కను తిప్పి చూచాను. ఆకుల అడుగున తెల్లదోమ ఉన్నది. ఆకులపై పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి ఉన్నవి. అది పల్లాకు తెగులు. వైరస్ వలన వచ్చును. తెల్లదోమ దానిని మొక్క నుండి మొక్కకు మోసుకొనిపోవును. వాన పులుపునకు, దానికి సంబంధము లేదు. సున్నము చల్లితే తెగులు తగ్గదు సరిగదా, అసలే క్షారగుణము గల మన నల్లరేగడిలో జింకు, ఇనుము పైరుకు మరింత అందకుండా పోవును. "సున్నం వద్దండీ. తెగులు సోకిన మొక్కలను పీకి తగులబెట్టక పూడ్చండి, తెల్లదోమను అదుపు చేయండి" అని చెప్పాను. ఆయన మనసు తేలికపడి లేచారు. వెళ్లబోతుండగా నేను మరొక మాట కూడ అన్నాను. "ఆమ్లవర్షం మన దగ్గర లేదండీ, ఆ సంగతే మరచిపోండి."

మొదట చెప్పిన సలహా సరియైనదే. చివర అన్న మాట సరియైనది కాదు. ఆ సీసాలోని నీటిని నేను పరీక్షించలేదు. మొక్కను చూడకుండ ఆమ్లవర్షమని తీర్పు చెప్పిన వారికి, నీటిని చూడకుండ లేదని తీర్పు చెప్పిన నాకు భేదమేమున్నది? ఆ మాట సరిదిద్దుకొనుటకే ఇది వ్రాయుచున్నాను. ఇది శాఖవారి ఉత్తరువు కాదు. నా సొంత అభిప్రాయము. లెక్కలు మాత్రము ఎవరైనను సరిచూచుకొనదగినవి.

వాన ఎట్లు పులియును?

ఏ పొగయు తగలని వాననీరు కూడ కొద్దిగా పుల్లనిదే. గాలిలోని బొగ్గుపులుసు వాయువు చినుకులో కరిగి స్వల్పముగా ఆమ్లమగును. మీ భూసార పరీక్ష పత్రములో ఉదజని సూచిక అను అంకె ఉండును గదా. ఆ కొలతలో 7 అయినచో పులుపు లేదు, క్షారము లేదు. 7 కంటె తగ్గిన కొద్దీ పులుపు, పెరిగిన కొద్దీ క్షారము. శుభ్రమైన వాననీటి సూచిక సుమారు 5.6. అంతకంటె తగ్గినచో ఆమ్లవర్షమందురు. ఈ కొలతలో ఒక మెలకువ ఉన్నది. అంకె ఒకటి తగ్గితే పులుపు పదింతలగును. రెండు తగ్గితే నూరింతలగును. 5.6కు, 4.6కు భేదము ఒకటే అని తేలికగా చూడరాదు.

ఈ అదనపు పులుపు ఎక్కడిది? బొగ్గులోను, చమురులోను గంధకము ఉన్నది. అది కాలినపుడు సల్ఫర్ డయాక్సైడు అను వాయువగును. కొలిమి వేడికి, ఇంజను వేడికి గాలిలోని నత్రజనియే ఆమ్లజనితో కలిసి నైట్రోజన్ ఆక్సైడులగును. ఈ వాయువులు పైకి పోయి, ఎండ వలన గాలిలో పుట్టెడి చురుకైన పదార్థములతో కలిసి, మేఘపు బిందువులలో హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసి, మొదటిది సల్ఫ్యూరిక్ ఆమ్లముగాను, రెండవది నైట్రిక్ ఆమ్లముగాను మారును. ఒక కిలో గంధకము కాలితే రెండు కిలోల సల్ఫర్ డయాక్సైడు, అదంతయు మారితే మూడు కిలోల సల్ఫ్యూరిక్ ఆమ్లము. వాన ఉన్నచో చినుకుతో దిగును. వాన లేనిచో దుమ్ముతో పాటు ఆకులపైన, నేలపైన పొడిగానే వాలును. పొగగా పోయినది ఎక్కడికో పోలేదు. మరొక రూపమున, మరొకరి పొలములో దిగినది.

దూరదేశముల పాఠము

ఇది కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో బట్టల మిల్లుల పట్టణమైన మాంచెస్టరులో రాబర్ట్ అంగస్ స్మిత్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1852లోనే అక్కడి వాననీటిలో గంధకపు ఆమ్లమున్నదని వ్రాసెను. 1872లో ప్రచురించిన గ్రంథములో దానికి ఆమ్లవర్షమని పేరు పెట్టెను. దగ్గరి ఊళ్లపై మసి పడకుండ తరువాతి కాలములో పొగగొట్టములను ఎత్తుగా కట్టిరి. దాని వలన పొగ తగ్గలేదు, దూరము పోయెను. స్వీడను, నార్వే దేశముల సరస్సులలో చేపలు నశించుచుండగా, ఆ పులుపు ఇతర దేశముల పొగ నుండి వచ్చుచున్నదని 1967లో స్వాంటె ఓడెన్ అను స్వీడిషు నేలల శాస్త్రజ్ఞుడు లోకమునకు ఎలుగెత్తి చెప్పెను. ఆయన వృత్తికి మన బంధువే అనవచ్చును.

స్వీడను వారు సరస్సులలో సున్నపురాతి పొడి పోయుట మొదలుపెట్టిరి. ఏటేట పోయవలసి వచ్చెను, ఎందుకనగా పై నుండి పులుపు ఆగలేదు. 1979లో జెనీవాలో దేశములు ఒడంబడికకు వచ్చినవి. 1985లో హెల్సింకీలో గంధకపు పొగను 1980 నాటి మొత్తముపై కనీసము 30 శాతము తగ్గింతుమని అనేక దేశములు సంతకము చేసినవి. గొట్టముల వద్దనే వాయువును కడుగుట మొదలైన తరువాతనే అక్కడి వాన తేరుకొన్నది.

మన దగ్గర పొగ

మన చుట్టుపట్ల అతి పెద్ద పొగగొట్టములు ఇబ్రహీంపట్నము వద్ద ఉన్నవి. డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రములో మొదటి యూనిట్ 1979లో నడువసాగినది. 1995 నాటికి 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 2009లో 500 మెగావాట్లది ఒకటి, 2023లో 800 మెగావాట్లది ఒకటి సమకూడినవి. ఆ కరెంటుతోనే మన మోటార్లు తిరుగుచున్నవి, మన పిల్లలు దీపము క్రింద చదువుకొనుచున్నారు. కనుక దానిని శత్రువుగా చూడనవసరము లేదు. కాని లెక్క మాత్రము అడుగవచ్చును.

మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకము తక్కువ. సాధారణముగా నూటికి అరపాలు అనుకొందము. 210 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి శక్తితో రోజంతయు నడచినచో మూడు వేల టన్నులకు పైగా బొగ్గు కాలును. మూడు వేల టన్నులకే లెక్క వేసినను 15 టన్నుల గంధకము. కొద్ది భాగము బూడిదలో మిగులును. తక్కినది 30 టన్నులకు కొంచెము తక్కువగా సల్ఫర్ డయాక్సైడై గాలిలో కలియును. గంధకము తక్కువన్నమాట నిజమే. తక్కువ గంధకమున్న బొగ్గును ఎక్కువగా కాల్చుచున్నామన్నమాటయు నిజమే.

విశాఖపట్నము సంగతి కూడ తెలిసికొనవలెను. భారత వాతావరణ శాఖవారు దేశములో కొన్ని చోట్ల వాననీటిని ఏండ్ల తరబడి సేకరించి పరీక్షించుచున్నారు. 1987 నుండి 2021 వరకు గల కొలతలను ఆ శాఖవారును, పూనాలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారును పరిశీలించి, విశాఖపట్నము, ప్రయాగరాజ్, అస్సాములోని మోహన్‌బారి చోట్ల వాన పులుపు వైపు మొగ్గుచున్నదని చెప్పినారు. విశాఖపట్నము మన రాష్ట్రములోనిదే. ఆ సంగతి తెలియగలిగినది అక్కడ ముప్పది ఏండ్లకు పైగా చినుకును పట్టి కొలిచినందుననే.

నల్లరేగడి కవచము

మరి మన పామర్రు, ఘంటసాల, గుడివాడ ప్రాంతములకు ప్రమాదమెంత? ఈనాటికి పైరుకు ప్రమాదము స్వల్పమనియే నా అభిప్రాయము. కారణములు రెండు. మన దేశపు గాలిలో సున్నపు పాలు గల దుమ్ము ఎక్కువ. అది మేఘములోనే కొంత పులుపును చంపును. రెండవది మన నేల. సున్నపు గడ్డలున్న నల్లరేగడి మట్టిపై పలుచని ఆమ్లపు చుక్క వేయుడు, నురగ వచ్చును. ఆ నురగయే కవచము. వానలో వచ్చిన పులుపును నేలలోని సున్నము మింగుచున్నది. ఇక ఆకులు మాడి మచ్చలు పడవలెనన్నచో సూచిక సుమారు 3 దాకా దిగవలెను. కనుక ఆకు పసుపెక్కిన ప్రతిసారి వానను నిందింపవద్దు. తెగులా, పురుగా, జింకు లోపమా, మురుగు నిలిచినదా అని ముందు చూడవలెను.

అయితే కవచము అందరికీ లేదు. నైరుతి ఋతుపవన కాలములో గాలి పడమర, నైరుతి దిక్కుల నుండి వీచును. ఇబ్రహీంపట్నపు పొగ అప్పుడు తూర్పు, ఈశాన్యములకు పోవును. ఆ వైపుననే నూజివీడు మెట్ట ఉన్నది. అక్కడి మామిడి తోటలు ఎర్రనేలలలో ఉన్నవి. ఎర్రనేలలలో సున్నము తక్కువ. అట్టి నేలలో ఏండ్ల తరబడి పులుపు దిగినచో కాల్షియం, మెగ్నీషియం కొట్టుకొనిపోవును. సూచిక 5కు దిగినచో మట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్లను కొరుకును. అక్కడ అట్లు జరిగినదని నేననుట లేదు. మన నేలకు బలమున్నదని మనము నిశ్చింతగా ఉండుట న్యాయము కాదని మాత్రమే అనుచున్నాను.

యూరియా బస్తా లెక్క

పొగగొట్టము వైపు వేలు చూపునప్పుడు మన చేతి వైపు కూడ చూచుకొనవలెను. ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన, సూచిక 4.6 గల పుల్లని వానయే కురిసినదనుకొందము. ఆ నీటిలోని పులుపును చంపుటకు ఎకరమునకు కావలసిన సున్నపురాయి సుమారు 5 కిలోలు. ఇక 45 కిలోల యూరియా బస్తా ఒకటి నేలలో మార్పు చెందినపుడు పుట్టెడి పులుపును చంపుటకు కావలసినది సుమారు 38 కిలోలు. అనగా ఒక్క బస్తా ఏడెనిమిదేండ్ల పుల్లని వానతో సమానము!

ఇది ఎట్లనగా, యూరియా మొదట అమ్మోనియాగా మారును. నేల ఆరి గాలి తగిలినపుడు సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. ఆ మార్పులో ఆమ్లము పుట్టును. నిలువ నీటిలో చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా గాలిలోనికి ఎగిరిపోవును. గాలిలో అది ఆమ్లముతో కలిసి వాన పులుపును పైకి తగ్గించినట్లు కనబడును. కాని నేలకు దిగిన పిదప నైట్రేటుగా మారి తిరిగి పులుపు పుట్టించును. కనుక వానలో సూచిక ఒక్కటి చూచి కథ ముగిసినదనుకొనరాదు.

యూరియా మానవలెనని నా మాట కాదు. మోతాదు మించవద్దు. వరిలో నీరు తీసివేసి బురద పదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టవలెను. గాలిలోకి ఎగిరిపోవునది మీరు డబ్బిచ్చి కొన్నదే గదా.

మిషను కోత తరువాత గడ్డి తగులబెట్టు అలవాటు కూడ ఇట్టిదే. టన్ను వరిగడ్డిలో 5 నుండి 8 కిలోల నత్రజని, అరకిలో నుండి కిలో వరకు గంధకము ఉన్నవి. అగ్గిపుల్ల గీచినచో నత్రజని దాదాపు అంతయు, గంధకములో చాలా భాగము పొగయై పోవును. విద్యుత్ కేంద్రపు పొగను ప్రశ్నించు హక్కు మన చేలో పొగ లేనప్పుడే నిండుగా ఉండును. పశువులున్నవారికి ఇచ్చినను, కంపోస్టు వేసినను, దమ్ములో కలియదున్నినను గడ్డి వృథా కాదు.

పొగలో పోవు జిప్సం

ఇక అసలు మాట. పొగగొట్టము వద్దనే పులుపును ఆపు ఉపాయము ఎప్పుడో ఉన్నది. సున్నపురాతి పొడిని నీటిలో కలిపి, ఆ నీటి జల్లు గుండ పొగను పోనిచ్చినచో సల్ఫర్ డయాక్సైడు సున్నముతో కలిసిపోవును. మిగులునది ఏమనుకొన్నారు? జిప్సం! చౌడు విరుగుటకు మనము వేయునదే, వేరుశనగ ఊడలు దిగునపుడు వేయునదే. ఒక టన్ను గంధకమును ఇట్లు పట్టినచో అయిదు టన్నులకు మించి జిప్సం వచ్చును. ముందు చెప్పిన 15 టన్నుల గంధకములో అధిక భాగము పట్టినను రోజుకు 70 టన్నుల పైమాటే. అక్కడ పొగలో పోవుచున్నది. ఇక్కడ చౌడు నేలల రైతు దానినే బస్తాలలో కొనుచున్నాడు.

2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖవారు బొగ్గు విద్యుత్ కేంద్రముల పొగలో సల్ఫర్ డయాక్సైడుకు తొలిసారి హద్దు పెట్టినారు. రెండేండ్ల గడువు అనేక పర్యాయములు పొడిగింపబడినది. 2025 జూలైలో ఆ నిబంధన సడలింపబడినది. పది లక్షలకు మించిన జనాభా గల నగరములకు 10 కిలోమీటర్ల లోపు కేంద్రములకు 2027 చివరి వరకు గడువిచ్చి, దూరముగా ఉన్న పెక్కు కేంద్రములకు ఈ యంత్రములు తప్పనిసరి కాదన్నారు. బొగ్గులో గంధకము తక్కువ, యంత్రముల ఖర్చు ఎక్కువ, ఊళ్ల గాలిలో ఈ వాయువు హద్దు దాటలేదు అనునవి చెప్పిన కారణములు.

ఈ కారణములు తీసివేయదగినవి కావు. ఖర్చు చివరకు కరెంటు బిల్లులోనే వచ్చును. గంధకము పైరుకు ఆహారమన్నదియు నిజము. ఐరోపాలో పొగ తగ్గిన పిదప ఆవ జాతి పైర్లకు గంధకపు ఎరువు వేయవలసి వచ్చినది. అయినను నా అభిప్రాయము వేరు. ఊరి గాలిలో వాయువును కొలిచినచో ఊపిరికి హద్దు తెలియును గాని, మేఘములో కలిసి దూరమున దిగిన ఆమ్లము తెలియదు. పది కిలోమీటర్ల గీత మనుష్యులు గీచినది. గాలికి ఆ గీత తెలియదు. పైరుకు గంధకము కావలెనన్నచో జిప్సం రూపమున, కావలసిన చేలో, కావలసినంత వేసికొనవచ్చును. ఆమ్లముగా, అడుగని వారి నెత్తిన కురిపించుట ఎరువు వేయు పద్ధతి కాదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని పెద్దలన్నారు. సున్నము చల్లవలసిన చోటు మినుము చేను కాదు, పొగగొట్టము.

మన వంతు

ఖర్చు భరింపుమని అడుగువారి చేతిలో కొలత ఉండవలెను. కొలత లేని ఫిర్యాదు గాలిలో మాటయే. గ్రామాధికారులు, రైతు సేవా కేంద్రములలోని మా సహోద్యోగులు ఈ క్రింది పనులు చేయవచ్చునని నా సూచన.

1. వాననీటిని కప్పుపై నుండి గాని, పాత సీసాలలోగాని పట్టరాదు. దుమ్ము, సిమెంటు కలిసి పులుపు దాగిపోవును. శుద్ధజలముతో కడిగిన ప్లాస్టిక్ పాత్రను నేలకు మీటరు ఎత్తున, చెట్లకు దూరముగా, వాన మొదలైన పిదపనే ఉంచవలెను.

2. తొలకరి వాన, నడి వర్షాకాలపు వాన, తుపాను వాన వేర్వేరుగా పట్టి, మూత బిగించి, తేదీ, గాలి దిక్కు వ్రాసి, ఆలస్యము లేకుండ పరీక్షకు పంపవలెను. రంగు కాగితముతో చూచునది స్థూలముగానే తెలుపును. దానిపై తీర్పు చెప్పరాదు.

3. భూసార పరీక్ష పత్రములలోని ఉదజని సూచికను సర్వే నంబరు వారీగా ఒక పుస్తకములో ఏటేట వ్రాసి ఉంచవలెను. నేల కవచము తరుగుచున్నదా, లేదా అన్నది పదేండ్ల పుస్తకము చెప్పును గాని, ఒక్కనాటి పరీక్ష చెప్పదు. మెట్ట గ్రామములలో ఇది మరింత అవసరము.

4. భూసార పరీక్ష చూడకుండ ఎవరును సున్నము చల్లవద్దు. డెల్టా నల్లరేగడిలో అది డబ్బు దండుగ, పైరుకు కీడు.

ఆ కౌలు రైతు చేలో పల్లాకు తెగులు చాలవరకు అదుపులోనికి వచ్చినది. పది బస్తాల సున్నపు అప్పు ఆయన నెత్తిన పడలేదు. అది నాకు సంతోషము. ఆయన సీసాలోని నీటికి మాత్రము నేను జవాబు బాకీ ఉన్నాను. ఈ తొలకరికి మా కార్యాలయపు ఆవరణలో పాత్ర ఉంచుచున్నాము. మీ గ్రామములో కూడ ఒకటి ఉంచి, ఫలితము మాకు తెలియజేయుడు.

— వ్యవసాయాధికారి, పామర్రు